చెంచురామయ్య గారికి అరవై రెండున్నర

ముప్పై ఏడేళ్ళ పాటు పార్టీ తాలూకా కార్యదర్శిగా పనిచేసిన కామ్రేడ్ చెంచురామయ్య గారు 2003 మార్చి నెలలో, పల్నాటి కల్లాలన్నీ మిరపకాయలతో ఎర్రబడి ఉన్న రోజుల్లో, కమిటీని సంప్రదించకుండా మరణించారు. అంతకాలంలో ఆయన సొంతంగా తీసుకున్న నిర్ణయం ఇదొక్కటేనని సంతాప సభలో ఒక వక్త అన్నాడు. వెనక బల్లల మీద కూర్చున్నవాళ్ళు మాత్రం కొంచెం గట్టిగా దగ్గారు.

తాలూకాలు రద్దయి పద్దెనిమిదేళ్ళయినా ఆయన పదవిలో ఆ మాట ఎలా మిగిలిందని తెలియనివారు అడుగుతుంటారు. ప్రభుత్వం తాలూకాలు తీసేసి మండలాలు పెట్టినప్పుడు పార్టీ ఆ చర్యను తీవ్రంగా ఖండించింది. ఒకసారి ఖండించాక మళ్ళీ దాన్ని పాటిస్తే బాగుండదు కదా.

సంతాప సభ పద్దెనిమిది అడుగుల స్తూపం కట్టాలని ఏకగ్రీవంగా తీర్మానించింది. పది రోజులకు గుంటూరు నుంచి సర్క్యులర్ వచ్చింది. వ్యక్తిపూజ శాస్త్రీయ దృక్పథానికి విరుద్ధమని, కాబట్టి కాలం చేసిన నాయకుల కృషిని ఒప్పులుగా, తప్పులుగా విడదీసి, నూటికి ఇన్ని పాళ్ళని తేల్చి, ఆ తేల్చినదాన్నే రాతి మీద చెక్కించాలని అందులో ఉంది. అరవై దాటినవారికి స్తూపం. ముప్పై అయిదు దాటినవారికి ఆఫీసు గోడ మీద ఫోటో. అంతకు తగ్గితే రెండు నిమిషాలు మౌనం. ఇదంతా పదో తరగతి పరీక్షల నుంచి ఎత్తుకొచ్చిన పద్ధతని గిట్టనివాళ్ళు అంటారు గానీ, అది నిజం కాదు. పదో తరగతి తప్పినవాడు మళ్ళీ రాసుకోవచ్చు.

సర్క్యులర్ ప్రకారం ముగ్గురు సభ్యులతో మూల్యాంకన ఉపసంఘం ఏర్పడింది. కన్వీనరు శివరామకృష్ణ గారు. రిటైరైన ఎకనామిక్సు లెక్చరరు, ఇరవై రెండేళ్ళుగా సహాయ కార్యదర్శి, పదిరోజులుగా కార్యదర్శి. ప్రతి మహాసభలోనూ చెంచురామయ్య గారు ఆరోగ్యం బాగాలేదని రాజీనామా ఇచ్చేవారు. శివరామకృష్ణ గారు బాధ్యతలు స్వీకరించే ప్రసంగాన్ని జేబులో పెట్టుకుని సిద్ధంగా ఉండేవారు. ప్రతినిధులు కంటతడి పెట్టేవారు. చెంచురామయ్య గారు ఆ తడికి కరిగి రాజీనామా వెనక్కి తీసుకునేవారు. జేబులోని ప్రసంగం అలా ఏడుసార్లు చాకిరేవుకు వెళ్ళొచ్చింది.

రెండో సభ్యుడు వ్యవసాయ కూలీల సంఘం నాయకుడు జక్రయ్య. మైకు లేకుండా మూడు ఊళ్ళకు వినపడగల కంఠం ఆయనది, పక్కన కూర్చున్నా అదే వాడతాడు. మూడో సభ్యురాలు జోహరాబీ. వినుకొండ రోడ్డు పక్కనున్న కాలనీలో ఉంటూ, కల్లాల్లో మిరపకాయలు ఏరే పని చేస్తుంది. మహిళ, మైనారిటీ, అసంఘటిత కార్మికురాలు అనే మూడు ప్రాతినిధ్యాలూ ఒక్క మనిషిలోనే దొరకడం వల్ల పార్టీకి రెండు కుర్చీలు, రెండు టీలు కలిసొచ్చాయి.

జోహరాబీ ఉండే కాలనీ పేరు కామ్రేడ్ చెంచురామయ్య కాలనీ. బోర్డు మీద అలాగే ఉంటుంది. జనం మాత్రం బోరింగు కాలనీ అంటారు, బస్సు కండక్టరు కూడా అలాగే పిలిచి ఆపుతాడు. చుట్టుపక్కల ఎక్కడ తవ్వినా ఉప్పునీళ్ళే పడే ఆ నేలలో తియ్యటి నీళ్ళిచ్చే బోరింగు అదొక్కటే. దాని చుట్టూ సిమెంటు చప్టా, చప్టా చుట్టూ రెండు మూరల ఖాళీ జాగా ఉన్నాయి. ఇళ్ళు ఇళ్ళమీద పడి ఉండే ఆ కాలనీలో మిగిలిన ఖాళీ జాగా కూడా అదొక్కటే.

ఒకరోజు పొద్దున్నే శివరామకృష్ణ గారు మేస్త్రీని, టేపునూ వెంటబెట్టుకుని అక్కడికొచ్చారు. బిందెల వరస సాగుతోంది. మేస్త్రీ టేపు అటు పట్టి ఇటు పట్టి తల గోక్కున్నాడు.

"ఎనిమిదడుగుల పునాది కావాలి సార్. ఈడ తప్ప జాగా లేదు. అయితే ఈ బోరింగు మధ్యలోకి వస్తోంది."

వరసలో ముందున్న పిచ్చమ్మ బిందె కింద పెట్టింది. "ఏందయ్యా, మధ్యలోకి వస్తోంది బోరింగా, మీ స్తూపమా?"

"స్థలానికి చారిత్రక ప్రాధాన్యం ఉందమ్మా," అన్నారు శివరామకృష్ణ గారు. "పోరాడి ఈ బోరింగు సాధించిన చోటు. ఆ పోరాటానికి గుర్తుగా స్తూపం ఇక్కడే ఉండాలి. బోరింగును తాత్కాలికంగా తొలగిస్తాం."

"మరి నీళ్ళో సారూ?" అని అడిగింది జోహరాబీ.

"ప్రత్యామ్నాయం పార్టీ పరిశీలనలో ఉంది."

"మీ పరిశీలనలో రోజుకెన్ని బిందెలు పడతాయి సారూ?" అంది పిచ్చమ్మ. శివరామకృష్ణ గారు ఆ ప్రశ్నను నోట్సులో రాసుకున్నారు. ప్రజల ప్రశ్నల్ని ఆయన ఎప్పుడూ నిర్లక్ష్యం చేయరు, రాసుకుంటారు.

నీళ్ళు తెచ్చిన మనిషిని గౌరవించడానికి నీళ్ళు తీసెయ్యడంలో వింతేముందో జోహరాబీకి ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆమె పాతికేళ్ళుగా పార్టీలో ఉంది. అయినా ఆ రోజంతా ఆమెకు 1978 గుర్తొస్తూనే ఉంది. అప్పటికి ఆమె కొత్త కోడలు. చెంచురామయ్య వెనక నలభైమంది ఆడవాళ్ళు తాలూకా ఆఫీసు ముందు పదకొండు రోజులు కూర్చున్నారు. చేతిలో ఖాళీ బిందె, బిందె మీద గరిటె. పదకొండో రోజుకు తాసిల్దారు గారికి తన సంతకం తనకే వినపడని పరిస్థితి వచ్చి, సంతకం పెట్టి తలుపులు మూసుకున్నారు. మిషను వచ్చి మూడుచోట్ల తవ్వితే ఉప్పునీళ్ళు పడ్డాయి. నాలుగోచోట తియ్యటి నీళ్ళు చిమ్మాయి. ఆ నలభైమందిలో ఒక్కరి పేరూ ఎక్కడా రాయలేదు. బోర్డు మీద చెంచురామయ్య పేరు రాశారు. అది తప్పని వాళ్ళకు అప్పుడు తోచలేదు, ఇప్పుడు తోచినా ఎవరికీ చెప్పుకోలేదు.

చెంచురామయ్యకు ఒక అలవాటుండేది. కాలనీకి వస్తే ముందు బోరింగు దగ్గర దోసిలి పట్టి కడుపునిండా తాగేవాడు. తాగి కండువాతో మూతి తుడుచుకుని, హ్యాండిలు తాను అందుకుని, వరసలో ఉన్నవాళ్ళ బిందెలు నింపుతూ ప్రపంచ పరిస్థితి వివరించేవాడు. ఆయనకు మాట్లాడుతూ ఉంటే చేతులు ఆగేవి కావు. అందుకని ఆయన వస్తున్నాడని తెలియగానే ఆడవాళ్ళు ఇళ్ళలోకి పరుగెత్తి కాగులు, తప్పేళాలు కూడా తెచ్చుకునేవాళ్ళు. అఫ్ఘనిస్తాన్ గురించి అయితే మూడు బిందెలు నిండేవి. పోలెండ్ అయితే అయిదు. మాట ఆగిపోతుందనిపిస్తే, "అదేంది కామ్రేడ్, మరి అమెరికావోడు ఊరుకుంటాడా?" అని పిచ్చమ్మ ఒక ముక్క అందించేది. మరో రెండు బిందెలు వచ్చేవి. ప్రపంచ రాజకీయాల పట్ల బోరింగు కాలనీ స్త్రీలకున్న ఆసక్తిని పార్టీ పత్రిక అప్పట్లో ప్రత్యేకంగా ప్రశంసించింది. రష్యా పడిపోయిన వారంలో ఆయన వచ్చి, తాగి, ఒక్క మాటా మాట్లాడకుండా పదకొండు బిందెలు కొట్టి వెళ్ళిపోయాడు. ఆ రోజు పిచ్చమ్మ కూడా ఏమీ అడగలేదు.

కల్లంలో కాయలు ఏరుతుండగా జోహరాబీకి తన ముందున్న సంగతి తేటతెల్లంగా కనిపించింది. అరవై దాటితే స్తూపం. స్తూపం లేస్తే బోరింగు పోతుంది. అరవై దాటకపోతే ఫోటో. ఫోటో గోడకు వేలాడుతుంది, ఎవరి నీళ్ళకూ అడ్డం రాదు. కాబట్టి కాలనీకి నీళ్ళుండాలంటే ఆ నీళ్ళు తెచ్చిన మనిషిని పరీక్ష తప్పించాలి. ఉపసంఘంలో ముగ్గురున్నారు. ఆ పని చేయగలది తనొక్కతే.

"చెయ్యవే మరి," అంది పక్కన కూర్చుని ఏరుతున్న పిచ్చమ్మ. "పోయినాయనకి మార్కులెందుకు? ఓ నాలుగు అబద్ధాలు చెప్పి తగ్గించెయ్."

"అబద్ధాలెందుకు పిచ్చమ్మక్కా? నిజాలే చాలు."

నిజంగానే చాలు. ఒక ఎన్నికలో పచ్చజెండా వాళ్ళను గెలిపించి మూడురంగుల జెండా వాళ్ళను ఓడించమన్నాడు. తర్వాతి ఎన్నికలో అటుది ఇటు చేశాడు. ప్రసంగం మాత్రం అదే, పేర్లు మార్చేవాడు. ఒకసారి పేర్లు మార్చడం మరిచిపోయి, తాను బలపరుస్తున్న అభ్యర్థినే గంటసేపు చీల్చి చెండాడాడు. ఆ అభ్యర్థి వేదిక మీదే కూర్చుని చప్పట్లు కొట్టాడు, గెలిచాడు కూడా. ట్రాక్టర్లు వస్తే కూలీల పొట్ట కొడతాయని నూరు మైళ్ళు పాదయాత్ర చేసి, కాళ్ళు వాచి, ట్రాక్టరులో తిరిగొచ్చాడు. హమాలీల సంఘానికి అధ్యక్షుడు కావలసివస్తే జిల్లా అంతా గాలించి, ఆ లక్షణాలన్నీ చివరికి సొంత బావమరిదిలో కనుక్కున్నాడు. ఇంట్లో భార్య సత్యనారాయణ వ్రతం చేసుకుంటే వీధి వరండాలో గోడవైపు తిరిగి పార్టీ పత్రిక చదువుతూ కూర్చునేవాడు. ప్రసాదం వేళకు మాత్రం ఒక చెయ్యి వెనక్కి వచ్చేది.

అన్నిటికంటే పెద్దది పట్టాల సంగతి. కాలనీ ఇళ్ళకు పట్టాలివ్వాలని ఆయన ఇరవై ఏళ్ళు పోరాడాడు. చివరికి ఒక కలెక్టరు మెత్తటివాడొచ్చి, "తీసుకోండి, రేపే ఇస్తాను," అన్నాడు. చెంచురామయ్యకు అది అవమానంగా తోచింది. పోరాడి తీసుకుంటాం గానీ దయతో ఇస్తే తీసుకోమని ఊరేగింపు తీశాడు. ఊరేగింపు ముగిసేలోగా కలెక్టరు బదిలీ అయిపోయాడు. పోరాటం కొనసాగుతోంది. జోహరాబీ ఇంటికి నేటికీ కాగితం లేదు.

ఇన్ని నిజాలు కొంగున కట్టుకుని ఆమె ఉపసంఘం సమావేశానికి వెళ్ళింది. పార్టీ ఆఫీసులో టేబులు, మూడు కుర్చీలు, మూడు గ్లాసుల టీ ఉన్నాయి.

"భావోద్వేగాలకు తావు లేదు కామ్రేడ్స్," అని మొదలుపెట్టారు శివరామకృష్ణ గారు. "నా శాస్త్రీయ అంచనా అరవై పాయింటు అయిదు." స్తూపానికి చాలి, అంతకు మించి గౌరవం మిగలని అంకె అది. స్తూపం కట్టాలనే పట్టుదల ఆయనకూ ఉంది. పద్దెనిమిది అడుగుల కాంక్రీటు కింద పెడితే ఏ మహాసభలోనూ రాజీనామా వెనక్కి తీసుకోవడం కుదరదు.

"తొంభై అయిదు!" అన్నాడు జక్రయ్య. కిటికీ మీది పిచుక లేచిపోయింది.

"అది వ్యక్తిపూజ కామ్రేడ్."

"తొంభై."

"అరవై ఒకటి."

"సారూ, మీరు మిర్చి యార్డులో దళారీ అయ్యుంటే రైతు బతికేవాడు కాదు. ఎనభై!"

ఆ పద్ధతిలో ప్రజాస్వామికంగా చర్చ సాగి ఒకరు కిందికి, ఒకరు పైకి వచ్చి అరవై రెండున్నర దగ్గర కలిశాక, ఇద్దరూ జోహరాబీ వైపు తిరిగారు. ఆమె నోరు విప్పింది. ఎన్నికల సంగతి చెప్పింది. జక్రయ్య నవ్వాడు. ట్రాక్టరు సంగతి చెప్పింది. ఆ ట్రాక్టరు నడిపింది తన తమ్ముడేనని జక్రయ్య టేబులు మీద కొట్టి మరీ నవ్వాడు. ప్రసాదం సంగతి చెబుతుంటే శివరామకృష్ణ గారి మూతి కూడా కాస్త వంకర పోయింది. పట్టాల దగ్గరికొచ్చేసరికి జోహరాబీ నవ్వలేకపోయింది. కోపం నిజంగానే వచ్చింది. ఇక నలభై అనేస్తే చాలు, ముగ్గురి సగటు అరవైకి దిగువన పడుతుంది, ఫోటో, కాలనీకి నీళ్ళు. ఆ అంకె నాలుక చివరిదాకా వచ్చింది. సరిగ్గా అప్పుడే, పత్తి పంట నాశనమై రైతులు పురుగులమందు తాగి చనిపోయిన ఏడు గుర్తొచ్చింది. డెబ్భై ఆరేళ్ళ మనిషి ఊరూరా ఆ ఇళ్ళకు నడుచుకుంటూ వెళ్ళి, ఒక్కచోట కూడా ప్రసంగించకుండా, వాకిట్లో కూర్చుని వచ్చాడు. ప్రసంగించకుండా ఉండడం ఆయనకెంత కష్టమో ఆమెకు తెలుసు.

"కల్లంలో తెల్లబడ్డ తాలు కాయ తీసి పక్కన పోస్తాం సారూ," అంది. "రేటు తక్కువే గానీ తాలూ అమ్ముడుపోద్ది. ఒక్కోటి మాత్రం సగం ఎరుపు, సగం తెలుపు ఉంటది. దాన్ని ఎటు వెయ్యాలో ముప్పై ఏళ్ళ నుంచి ఏరుతున్నా నాకు తెలవదు. ఈయన అట్టాంటి కాయ. నా వల్ల కాదు."

"కామ్రేడ్ జోహరాబీ తటస్థం," అని రాసుకున్నారు శివరామకృష్ణ గారు. అరవై రెండున్నర ఖాయమయింది. స్తూపానికి అర్హత వచ్చింది. ఒక మనిషికి న్యాయం చెయ్యబోయి కాలనీ నీళ్ళు తానే పోగొట్టానని జోహరాబీకి అప్పుడు అర్థమయింది.

"ఇంతకీ బోరింగు ఏ వైపు రాశారు సారూ?" అని అడిగింది లేస్తూ లేస్తూ. ఒప్పుల వైపు ఉంటే, ఒప్పును పీకి పారెయ్యడమేమిటని వాదించవచ్చు.

"తప్పుల వైపు," అన్నారాయన.

"నీళ్ళు తేవడం తప్పా?"

శివరామకృష్ణ గారు టీ గ్లాసు అందుకుని ఓపిగ్గా వివరించారు. "నీళ్ళు లేకపోతే ప్రజల్లో ఆగ్రహం పెరిగేది. ఆగ్రహం చైతన్యంగా మారేది. చైతన్యం వ్యవస్థను మార్చేది. సరిగ్గా ఆ దశలో బోరింగు వేయించి చెంచురామయ్య గారు ప్రజల్ని చల్లబరిచారు. దీన్ని సంస్కరణవాద పెడధోరణి అంటారు. బోరింగు తొలగింపు ఒకరకంగా ఆ పెడధోరణిని సరిదిద్దడమే." చెప్పి, టీ చివరి గుక్క తాగి, గ్లాసు పెట్టారు.

జోహరాబీ ఆ ఖాళీ గ్లాసు వైపు చూసింది. పార్టీ ఆఫీసు కుళాయిలో వచ్చేవి ఉప్పునీళ్ళు. వాటితో టీ పెడితే పాలు విరిగిపోతాయి. ఇరవై ఏళ్ళకు పైగా ఆ ఆఫీసుకు రోజూ రెండు బిందెలు తన కాలనీ నుంచే వస్తున్నాయి.

మే డే నాడు జెండా ఎగరేశాక అంచనాను ఆమోదించడానికి జనరల్ బాడీ సమావేశమయింది. వేదిక మీద కార్యదర్శి, ఆయన ముందు మినిట్సు పుస్తకం, పుస్తకం పక్కన టీ ఉన్నాయి. తలుపులు మూయబోతుండగా బోరింగు కాలనీ నుంచి నలభైమంది ఆడవాళ్ళు ఖాళీ బిందెలతో లోపలికొచ్చి కూర్చున్నారు. నినాదాలేమీ చెయ్యలేదు. బిందెల మీద గరిటెలు కూడా లేవు. శివరామకృష్ణ గారికి అదే ఎక్కువ భయం కలిగించింది.

జోహరాబీ లేచి నిలబడింది. "కామ్రేడ్స్, నేను ఆత్మవిమర్శ చేసుకోవాలి."

పార్టీలో ఒక నియమం ఉంది. ఆత్మవిమర్శ చేసుకుంటున్నవారిని మధ్యలో ఆపకూడదు. చెప్పింది చెప్పినట్టు పేరుతో సహా మినిట్సులో రాసి, జిల్లా కమిటీకి పంపాలి. ఆ నియమం తెచ్చింది చెంచురామయ్య గారే. ఆయన ఆత్మవిమర్శ ఒక్కోసారి మూడు గంటలు సాగేది, అందులో రెండున్నర గంటలు ఇతరుల గురించి ఉండేది.

"బోరింగు పెడధోరణి అని ఉపసంఘంలో సారు చెప్పేదాకా నాకు తెలవదు," అంది జోహరాబీ. "తెలవక ఇరవై అయిదేళ్ళ నుంచి ఆ నీళ్ళు తాగుతున్నాను. అన్నం వండాను, పప్పు వండాను. ఎండాకాలం మరీ ఎక్కువ తాగాను. ఆ నీళ్ళు తాగినప్పుడల్లా నా ఆగ్రహం చల్లారింది. వ్యవస్థ మారకపోవడానికి నేనూ కారణమే. రాసుకోండి సారూ."

ఆమె కూర్చోగానే పిచ్చమ్మ లేచింది. "నేను తాగడమే కాదు, మా గేదెక్కూడా పట్టాను. దానికీ ఆగ్రహం లేకుండా పోయింది. రాసుకోండి." తర్వాత ఇంకొకామె లేచి, తన ముగ్గురు పిల్లలూ ఆ నీళ్ళతోనే పెరిగారని, మైనర్లు కాబట్టి వాళ్ళ ఆత్మవిమర్శ కూడా తానే చేసుకుంటున్నానని చెప్పింది. అలా పదిమంది, పదిహేనుమంది చెప్పారు. కార్యదర్శి రాస్తూనే ఉన్నారు. ఇంకా పాతికమంది ఉన్నారు. బయట పులిహోర చల్లారిపోతున్న వాసన వస్తోంది.

జక్రయ్యకు సంగతి అప్పటికి పూర్తిగా బోధపడింది. లేచి నిలబడ్డాడు. "నేను కూడా కామ్రేడ్స్! ఈ ఆఫీసుకొచ్చినప్పుడల్లా రెండు టీలు తాగాను. నీళ్ళు ఆ బోరింగువే. మీటింగు ఎక్కువసేపైతే మూడు." ఆ మాటతో హాల్లో ఉన్నవాళ్ళంతా తమ చేతుల్లోని గ్లాసుల్ని చూసుకున్నారు. తర్వాత అందరూ కలిసి వేదిక మీది గ్లాసును చూశారు.

"సారూ, మీరు రోజుకెన్ని?" అని అడిగాడు జక్రయ్య.

"అది ప్రస్తుత చర్చకు సంబంధం లేదు."

"మినిట్సులోకి ఎక్కాలిగా సారూ. గుంటూరు వాళ్ళు అడుగుతారు. ఇరవై రెండేళ్ళు, రోజుకు నాలుగేసుకున్నా..."

శివరామకృష్ణ గారు కలం మూత పెట్టారు. ఎకనామిక్సు లెక్చరరు కాబట్టి లెక్క ఆయనకు వెంటనే తేలింది. బోరింగు పెడధోరణే అయితే తాలూకాలో అందరికంటే పెద్ద పెడధోరణి తన కడుపులోనే ఉంది. పదిహేను నిమిషాలు విరామం ప్రకటించారు. విరామంలో టీ ఇచ్చారు, ఎవరూ తాగలేదు.

విరామం తర్వాత కార్యదర్శి గంభీరంగా ప్రకటించారు. కొత్తగా వెలుగులోకి వచ్చిన వస్తుగత పరిస్థితుల దృష్ట్యా బోరింగును పెడధోరణి నుంచి తొలగించి, ప్రజలు పోరాడి సాధించుకున్న హక్కుగా గుర్తిస్తున్నట్టు చెప్పారు. హక్కును తాత్కాలికంగానైనా తొలగించే అధికారం పార్టీకి లేదని కూడా ఒప్పుకున్నారు. అరవై రెండున్నర అనే అంకె అప్పటికే గుంటూరు చేరింది కాబట్టి మొత్తం మారడానికి వీల్లేదు. అందుకని తప్పుల వైపు బోరింగు ఖాళీ చేసిన చోట్లో సత్యనారాయణ ప్రసాదాన్ని కొంచెం హెచ్చించి కూర్చారు.

ఇక స్తూపానికి మిగిలిన జాగా పార్టీ ఆఫీసు ముందున్నది ఒక్కటే. అక్కడ కడితే కార్యదర్శి కుర్చీలోంచి తలెత్తినప్పుడల్లా చెంచురామయ్య గారే కనిపిస్తారు. దాంతో స్తూపం తాత్కాలికంగా వాయిదా పడింది. శిలాఫలకాలు మాత్రం ఆ మార్పుతో సహా అప్పటికే చెక్కడమై లారీలో వచ్చేశాయి. ఒప్పులకొక రాయి, తప్పులకొక రాయి. ఏది రోడ్డు వైపు ఉండాలన్న విషయం మీద శివరామకృష్ణ గారికీ జక్రయ్యకూ ఏకాభిప్రాయం కుదరలేదు. నిర్ణయం వచ్చేదాకా రెండింటినీ బోరింగు చప్టా మీద వెల్లకిలా పడుకోబెట్టారు.

ఆ నిర్ణయం ఇంకా రాలేదు. తప్పుల రాయి మీద శివరామకృష్ణ గారు స్వయంగా రాసిన అక్షరాలు ఎక్కువ, లోతూ ఎక్కువ. అందువల్ల గరుకుగా ఉండి దుప్పట్లు, పొలం బట్టలు ఉతకడానికి బాగా పనికొస్తోంది. ఒప్పుల రాయి నున్నగా ఉండడంతో చీరలకు, పసిపిల్లల బట్టలకు వాడుతున్నారు. రెండూ బాగానే అరుగుతున్నాయి. ఆదివారాలు రెండింటి దగ్గరా వరస ఉంటుంది. ఒక నాయకుడి తప్పులూ ఒప్పులూ ప్రజలకు ఇంత సమానంగా ఉపయోగపడిన సందర్భం జిల్లాలో మరొకటి లేదు.

తర్వాతి ఎండాకాలం ఒక పత్రికా రచయిత కాలనీకి వచ్చాడు. చెంచురామయ్య గారి జీవితాన్ని ఏ మమకారమూ లేకుండా తూచే ఆదివారం వ్యాసం రాస్తున్నాడట. నడినెత్తిన ఎండ. జోహరాబీ బోరింగు దగ్గరుంది. వెనకాల పిచ్చమ్మ బిందె పెట్టుకుని ఉంది. ఆయన చెప్పులు విప్పి దోసిలి పట్టాడు. జోహరాబీ కొట్టింది. ఆయన తాగాడు, మళ్ళీ పట్టాడు, మళ్ళీ కొట్టింది. మొహం కడుక్కున్నాడు, సీసా నింపుకున్నాడు. అప్పుడు తప్పుల రాయి మీద కూర్చుని నోటుబుక్కు తీశాడు.

"చెప్పమ్మా. పార్టీ వాళ్ళు అరవై రెండున్నర ఇచ్చారు. మీ దృష్టిలో ఎంత?"

జోహరాబీ హ్యాండిలు మీద చెయ్యి తియ్యకుండా ఆయన వైపు తిరిగింది. "ఆయన కూడా ఇట్టాగే వచ్చి తాగేవాడు బాబూ. తాగి, ఈ హ్యాండిలు అందుకుని వెనకాలోళ్ళకి కొట్టేవాడు. నోరు మూసేవాడు కాదు, అది నిజమే. ఇప్పుడు నువ్వు తాగావు. రా, పిచ్చమ్మక్కకి ఒక బిందె కొట్టు. అప్పుడు చెప్తాను."

ఆయన నవ్వాడు. గడియారం చూసుకున్నాడు. వినుకొండ బస్సు వేళయిందన్నాడు.

వ్యాసం ఆదివారం అచ్చయింది. యాభై ఎనిమిది ఇచ్చాడు. చదివినవాళ్ళలో కొందరు అది ఎక్కువన్నారు, కొందరు తక్కువన్నారు. మీకూ ఈపాటికి ఒక అంకె తోచే ఉంటుంది. చెప్పడానికి కాలనీ దాకా రావచ్చు, ఎవరూ అడ్డుపెట్టరు. నీళ్ళు తియ్యగానే ఉన్నాయి, ఎవరో ఒకరు మీకూ కొట్టిపెడతారు. పిచ్చమ్మ బిందె మాత్రం ఇంకా వరసలోనే ఉంది.